నీలం పావడా ఎడమ అంచు

ఫిబ్రవరి 11

బొంగరానికి,

అక్కయ్య దీవెనలు. నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఉత్తరమేమిటి అంటావు. ఫోన్‌లో నువ్వెప్పుడూ మెట్లు దిగుతూనే ఉంటావు. నేను ‘ఎలా ఉన్నావే’ అనేసరికి లిఫ్టు తలుపు మూసుకుంటుంది. ఉత్తరమైతే నీ సంచిలో పడి ఉంటుంది. ఏ విమానమో ఆలస్యమైనప్పుడు చదువుకుంటావు.

ఇక్కడ కొత్త సంగతులు తక్కువ. తెల్లవారగానే ప్రార్థన, తర్వాత కుట్టుమిషన్. ఈ నెల స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నాను. దారం నాలుగోసారికి గాని సూదిలోకి పోవడం లేదు. తమ్ముడు సాయంత్రాలు వచ్చి పేపరంతా బయటికి చదివి, నాకు తెలియదన్నట్టు అర్థం కూడా చెప్పి వెళ్తున్నాడు. వినడం కూడా సేవే అనుకుంటాను.

మొన్న మేడమీది గది ఊడ్చాను. నువ్వు సాధన చేసిన చెక్కనేల ఇంకా గట్టిగానే ఉంది. తూర్పు కిటికీకి ఊడిపోయిన రెక్క ఇప్పటికీ లేదు. బాగు చేయించాలనిపించలేదు. వెలుతురు బాగా వస్తుంది.

మోకాలి ఆపరేషన్ ఎప్పుడు? డాక్టరు చెప్పిన తేదీ రాయి. నీకు వీలైన తేదీ కాదు.

దేవుడు నిన్ను కాసేపు ఒకచోట కూర్చోబెట్టాలని అడుగుతూ,
అక్కయ్య


ఫిబ్రవరి 27

అక్కయ్యా,

నీ ఉత్తరం విమానాశ్రయంలోనే చదివాను. ఏడు గంటలు ఆలస్యం. నువ్వు దీవించావో శపించావో నువ్వే చెప్పాలి.

అలిసిపోయాను. ఈ నెలలో నాలుగు దేశాలు, తొమ్మిది హోటల్ గదులు. అన్నిట్లో అదే తెల్ల దుప్పటి, అదే తెరవడానికి రాని కిటికీ. నాట్యం చేసిన రోజుల్లో నా కాళ్ళు దేశాలు తిరిగేవి. ఇప్పుడు చిత్రాలు సర్దిన నా చెక్కపెట్టెలు తిరుగుతుంటే వాటి వెనక నేను తిరుగుతున్నాను. వారం కింద ఒకావిడ, తన సోఫా రంగుకి సరిపోయే బొమ్మ కావాలంది. సోఫా మార్చుకోండి అన్నాను. నవ్వి ఊరుకుంది. మర్నాడు వాళ్ళాయన ఫోన్ చేసి బొమ్మ పంపమన్నాడు. సోఫా కూడా మార్చారట. ఇదీ నా వ్యాపారం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే.

ఒక సంగతి వింటే నువ్వు నవ్వుతావు. బొమ్మలాయన గుర్తున్నాడా? మాస్టారు మన మేడమీద పాఠం చెప్పే రోజుల్లో, పాఠానికి ముందు పొద్దున్నే వచ్చి బొమ్మ వేసుకునే పెద్దాయన. బతికుండగా ఎవరికీ పట్టని మనిషికి పోయాక పేరొచ్చింది. ఒక మ్యూజియం వాళ్ళు ఆయనకోసం గదే కేటాయిస్తున్నారు. ఆయన కూతురు ఒక బొమ్మ తెచ్చిందట, ‘కిటికీ దగ్గర నర్తకి’ అని. అది అసలుదో కాదో తేల్చమని నన్ను పిలిచారు. ఆయన ఎదుట నిలబడిన నర్తకిని నేనే కదా. నాకంటే సాక్షి ఎవరు?

కాని నాకప్పుడే అనుమానంగా ఉంది. నేను నిలబడింది పదకొండు రోజులు. పన్నెండో రోజు మాస్టారు బృందంతో రమ్మన్నారు, నా మొదటి పర్యటన. ఆయనకి చెప్పడానికి మొహం చెల్లక నీకు అప్పజెప్పి వెళ్ళిపోయాను. తిరిగొచ్చి అడిగితే, ఆయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడన్నావు. అంటే బొమ్మ సగంలోనే ఆగినట్టు. మరి ఇప్పుడు పూర్తయిన బొమ్మ ఎక్కణ్ణించి వచ్చింది?

ఆ నీలం పావడా కూడా గుర్తొచ్చింది. నీ జన్మలో వంకరగా కుట్టింది అదొక్కటే. ఎడమవైపు వేలెడు ఎత్తు. ఆ పర్యటన నుంచి వచ్చి అది కట్టుకుని వేదిక ఎక్కితే, మొదటి వరుసంతా నా చీలమండ మీదే కళ్ళు. దిగొచ్చి, “కళ్ళు ఎక్కడ పెట్టుకుని కుట్టావు?” అని నిన్ను అరిచాను కూడా. నువ్వేమీ అనలేదు. నువ్వెప్పుడూ ఏమీ అనవు. నీతో గొడవే అది.

మోకాలు ఉంది. తేదీ లేదు.

బొంగరం


మార్చి 10

బొంగరానికి,

ఉత్తరం అందింది. ఆ బొమ్మ చూశాక నాకు మూడు సంగతులు రాయి. ముఖం కనపడుతుందా? పావడా ఏ రంగు? కిటికీకి రెక్కలు ఎన్ని?

ఊరికే అడుగుతున్నాను. మోకాలికి వేడి కాపడం పెట్టుకో.

అక్కయ్య


మార్చి 24

అక్కయ్యా,

నీ ప్రశ్నలు చూసి నవ్వొచ్చింది. నువ్వూ పరీక్షాధికారివే. ఇవిగో జవాబులు. ముఖం కనపడదు, వీపు మనవైపు, చూపు కిటికీలోంచి బయటికి. పావడా నీలం. కిటికీకి ఒకే రెక్క. కిటికీ మనదే, అందులో సందేహం లేదు. ఆయన పెన్సిల్ గీతలు ఎంతమంది చేతుల్లో పడ్డాయో, వాటిని చూసి ఎవరైనా వేయొచ్చు.

నకిలీ, అక్కయ్యా.

చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని గంటన్నర దాని ఎదుట కూర్చున్నాను. పైసగం నేనే. మెడ నాది, జుట్టు ఎత్తి పట్టుకున్న మోచేతి ఒంపు నాది, వెన్నులో ఆ పొగరు కూడా నాదే. నడుము కింద ఎవరో. నాట్యం చేసే మనిషి పాదం నేలకి అలా ఆనదు. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమపాదాన్ని బయటి అంచు మీదికి వాల్చి, పొద్దుటి నుంచి పని చేసి లేచిన మనిషిలా ఉంది. మాస్టారు చూస్తే తాళం వేసే కర్ర విసిరేవారు. ఇంకో తప్పు కూడా పట్టుకున్నాను. ఎడమ తుంటి దిగితే పావడా ఆ వైపు కిందికి జారాలా వద్దా? బొమ్మలో అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. వేసినవాడికి కాళ్ళే కాదు, గుడ్డ కూడా తెలియదు. కావాలంటే మా అక్కయ్యని అడగండి, దర్జీ, అన్నాను వాళ్ళతో.

వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. ఒకాయన అయితే లేచి నా పాదాలకేసి చూశాడు. వారంలో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆ కూతుర్ని వరండాలో చూశాను. బస్సు నడుపుతుందట, యూనిఫారంలోనే వచ్చింది. నాన్న పోయేదాకా ఆ బొమ్మ ఆయన మంచం మీద గోడకే ఉందని చెప్పిందట. అందరూ అలాగే చెప్తారు.

నీ
బొంగరం


ఏప్రిల్ 6

బొంగరం,

తొందరపడి రాసి ఇవ్వకు. ఆ పాదం తప్పని అంత గట్టిగా అనలేమేమో. ఆ అమ్మాయిని ఒక మాట అనేముందు ఆగు.

వివరంగా రాయాలి. నాకు నాలుగు రోజులు కావాలి. మాటలు కూడబలుక్కోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. ప్రార్థన చేస్తున్నాను.

అక్కయ్య


ఏప్రిల్ 15

అక్కయ్యా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందేసరికి సంతకం అయిపోయింది. పేపర్లో కూడా వచ్చింది. తమ్ముడు ఈపాటికి నీకు చదివి అర్థం చెప్పే ఉంటాడు.

నీకు కోపమొస్తే రానీ, ఒకటి రాస్తాను. నీకు ఆవిడ మీద జాలి. ఎవరు ఏడుస్తున్నా నీకు వాళ్ళ వైపే న్యాయం కనపడుతుంది. నేను ఏడవను గనక నా వైపు ఎప్పుడూ కనపడదు. పాదం గురించి నాతో వాదిస్తావా? ముప్పై నాలుగో ఏట మోకాలు పోయిన రోజు నాకు ఏం మిగిలింది? చదువు లేదు, సంసారం లేదు. కన్ను మిగిలింది. బొమ్మలోని మనిషి బరువు ఎక్కడుందో చూసి చెప్పగల కన్ను. దాన్ని పట్టుకునే ఇంతదూరం కుంటుకుంటూ వచ్చాను. ఆ కన్ను తప్పిందంటే ఇంకా నా దగ్గర అమ్ముకోవడానికి ఏముంది?

నా వ్యాపారం నీకు మొదటినుంచీ నచ్చలేదు. నా గ్యాలరీ తెరిచిన రోజు విమానం టికెట్టు పంపినా రాలేదు. ‘అంతసేపు కూర్చోలేను’ అని ఒక్క ముక్క రాశావు. సరే, అర్థమైంది అనుకున్నాను.

వివరంగా రాస్తానన్నావు కదా, రాయి. తీరిగ్గా చదువుతాను.

బొంగరం


మే 2

బొంగరం,

నాలుగు రోజులన్నాను, ఇరవై ఆరు తీసుకున్నాను. అసలు మార్చిలో ఆ మూడు ప్రశ్నలు అడిగినప్పుడే ఇది రాసి ఉంటే నువ్వు సంతకం పెట్టేదానివి కాదు. ఆ తప్పు నాది. మొదట అది రాసి తర్వాత మిగతాది రాస్తాను.

ప్రార్థనలో మాటలు అడిగాను. మాటలు రాలేదు. మనిషి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. తలుపు తీస్తే డ్రైవరు యూనిఫారంలో ఒకామె. నలభై దాటి ఉంటాయి. దుప్పటి చుట్టి తాడు కట్టిన పెద్ద చట్రం నిలబెట్టి పట్టుకుని ఉంది. బొమ్మలాయన కూతుర్ని అంది. మ్యూజియం వాళ్ళు బొమ్మ తిరిగిచ్చేశారట. రెండు బస్సులు మారి తెల్లవారుజాము నుంచీ ప్రయాణం చేసి వచ్చింది. నీ సంతకం మీద తగవుకి రాలేదు, సిఫారసుకీ రాలేదు. నాన్న చెప్పిన కిటికీ నిజంగా ఉందో లేదో చూసుకుని పోతానంది. ఉంటే చాలట. డిపోలో అందరూ, ‘టికెట్లు కూడా ఇంట్లోనే అచ్చు వేస్తున్నావా’ అంటున్నారట. నవ్వుతూనే చెప్పింది. మంచినీళ్ళు తాగి, కిటికీ ఎటువైపండీ అని అడిగింది.

మేడమీదికి తీసుకెళ్ళాను. ఉన్న ఒక్క రెక్కకీ గడియ బిగుసుకుంటుంది. ఒక చెయ్యి కిటికీ చట్రం మీద ఆనించి నెట్టాలి. నెట్టి, వెలుతురు లోపలికి వచ్చాక వెనక్కి తిరిగాను. ఆమె కిటికీని చూడటం లేదు. నా కాళ్ళని చూస్తోంది.

“మీరా?” అంది.

“అవును” అన్నాను.

ముప్పై మూడేళ్ళు దాచినది ఒక్క మాటకి బయటపడింది. నీకు ముందు చెప్పవలసినది వేరే మనిషికి చెప్పాను. క్షమించు. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

నువ్వు పర్యటనకి వెళ్ళిన పొద్దున ఆయనకి చెప్పడానికి మేడెక్కాను. కుంచెకి రంగు అద్ది ఎదురుచూస్తున్నాడు. మా చెల్లెలు ఇంక రాదండీ అన్నాను. ఆయన నన్ను చూడలేదు, కిటికీని చూశాడు. ఈ వెలుతురు ఇంకో మూడు వారాలే ఉంటుంది, తర్వాత పొద్దు పక్కకి జరుగుతుంది అన్నాడు. పైభాగం అయిపోయింది, పావడా మడతలు మిగిలాయి, కాసేపు కట్టుకుని నిలబడతావా అని అడిగాడు. బృందం దుస్తులు వేరు గనక నువ్వు నీలం పావడా దండెం మీదే వదిలి వెళ్ళావు. కట్టుకున్నాను. కాసేపు అన్నది పందొమ్మిది రోజులైంది.

మొదటి రోజు నీలా నిలబడాలని చూశాను. ఆయన కుంచె దించి, ఆమెలా వద్దు, నీ కాళ్ళు ఎలా నిలబడతాయో అలాగే నిలబడు అన్నాడు. అవి ఎలా నిలబడతాయో అప్పటిదాకా నాకూ తెలియదు. పదహారో ఏట మిషన్ ముందు కూర్చున్నాను. తొక్కేది కుడికాలు. ఎడమకాలు కింది బద్ద మీద అంచు వాల్చుకుని పడుకుంటుంది. లేచి నిలబడినా అది అలాగే వాలుతుంది. దానితోపాటు తుంటీ దిగింది. గ్యాలరీకి రాలేదన్నావు. కూర్చోలేను అన్నది సాకు కాదు. మూడు గంటలు దాటితే తుంటి పట్టేసి లేవలేను. విమానంలో పన్నెండు గంటలన్నారు.

అంచు సంగతి. నేను నిలబడితే పావడా ఎడమవైపు నేల ఊడుస్తోంది. ఆయన ఏమీ అనలేదు గాని దర్జీ కన్ను ఊరుకోదు. రెండో రోజు ఎడమ అంచు వేలెడు మడిచి చేత్తో కుట్టాను. ఆ తర్వాత విప్పడం మరిచాను. నువ్వు వచ్చి అది కట్టుకుని వేదిక ఎక్కావు. వేసినవాడికి గుడ్డ తెలియదని రాశావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. దేవుడు క్షమించాలి.

ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు తిరిగి వచ్చిన రోజు పాదాలు పగిలి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. ఇల్లంతా నీ కబుర్లే. అందులో నా పందొమ్మిది పొద్దుల మాట ఎక్కడ దూర్చను? ఆయన బొమ్మ పూర్తి చేసి, సామాను సర్దుకుని వెళ్ళాడు. నేను రెండో సగమే నీకు చెప్పాను. ఇంకో కారణం ఉంది, రాయడానికి సిగ్గు. నా రోజంతా ఎవరి కొలతో, ఎవరి గుడ్డో. ఆ పందొమ్మిది పొద్దులు నావి. నీతో కూడా పంచుకోబుద్ధి కాలేదు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ రెంటి మధ్య ఇరుకులోనే ఇన్నేళ్ళూ మోకరించాను.

నీ కన్ను తప్పు చూడలేదు. నడుము కింద ఎవరో అన్నావు. ఎవరో ఉన్నారు.

నీ మాట వెనక్కి తీసుకొమ్మని నేను అనను. నీ బతుకు దానిమీదే ఉందని రాశావు. నీ జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పనని ఆమె నాకు మాట ఇచ్చింది. అడగకుండానే ఇచ్చింది. ఆమె నకిలీ మనిషి కాదు. అంతే.

నిన్ను దేవుడి చేతిలో పెట్టి,
అక్కయ్య


మే 4

అక్కయ్యా,

తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ డ్రైవరమ్మ మనింటికొచ్చిందట, నువ్వు మేడమీదికి తీసుకెళ్ళావట, పడుకోవడానికి చోటిచ్చి మర్నాడు పంపావట. నాతో ఒక్క మాట లేదు.

నీ మెత్తదనం కనిపెట్టి నిన్ను పట్టుకుంది. రేపు ‘సొంత అక్కే మమ్మల్ని నమ్మింది’ అని పేపరుకెక్కుతుంది. ఇంకోసారి వస్తే గుమ్మంలోంచే పంపెయ్యి.

ఇంకొకటి కూడా అడిగేస్తాను. బొమ్మలాయన మాట వస్తే నువ్వు మొదటినుంచీ తేడాగా ఉన్నావు. ముఖం కనపడుతుందా, రంగేమిటి, ఆగు, తొందరపడకు. ఆయన మీద నీకేమైనా మనసు ఉండేదా? ఉంటే చెప్పు, నేను తప్పుపట్టను. కాని దానికోసం నా పేరు బలి పెట్టకు. నాట్యం గురించి నీకేం తెలుసని ఆ పాదం తప్పు కాదంటావు? నువ్వు ఏనాడైనా ఆ కిటికీ దగ్గర నిలబడ్డావా?

బొంగరం


మే 13

బొంగరం,

నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఎదురుపడి ఉంటాయి. పలకరించుకుని ఉండవు.

నీ ఆఖరి ప్రశ్నకి జవాబు నీకు ఈపాటికి అంది ఉంటుంది. దాని ముందు ప్రశ్నకి ఇది: ఆయనకి అప్పటికే అరవై దాటాయి. పళ్ళు నాలుగు, వాటిమీదా రంగు. చూస్తే పావడా మడతలే చూసేవాడు. వెళ్ళేటప్పుడు నా పేరు కూడా అడగలేదు. ‘బాగా నిలబడ్డావమ్మా’ అన్నాడు. నాకది చాలింది.

నీ మీద కోపం లేదు. అన్నం తిను.

అక్కయ్య


మే 29

అక్కయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ పెద్ద ఉత్తరం చదివి మడిచి సంచిలో పెట్టుకుని పనికి పోయాను. మూడు రోజులు అలాగే తిరిగాను. ఒకచోట పెట్టెలు విప్పించాను, ఒకచోట విందుకి వెళ్ళాను. ఏం ఆలోచించానో దాచను. నువ్వు నోరు విప్పవు. ఆవిడ నీకు మాటిచ్చింది. సంతకం నాది. ఊరుకుంటే ఊరుకున్నట్టే, ఎవరికీ తెలియదు. నిన్ను అంత బాగా ఎరుగుదును గనకనే అలా అనుకోగలిగాను. నాలుగో రోజు నా మీద నాకే రోత పుట్టింది.

వాళ్ళ ఊరు వెళ్ళి, ఆవిడ నడిపే బస్సు నంబరు కనుక్కుని ఎక్కాను. వెనక సీట్లో కూర్చున్నాను. ఏం చెప్పాలో స్టాపు స్టాపుకీ మార్చుకున్నాను. బస్సు ఖాళీ అయింది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, చివరి స్టాపు, దిగాలి అంది. లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. తనే వచ్చి చంక కింద చెయ్యి వేసి లేపింది. అప్పుడు గుర్తుపట్టింది. చెయ్యి తియ్యలేదు.

మెట్టు దిగుతూ క్షమించమన్నాను. ఆవిడ ఒకటే మాట అంది.

“నాకెందుకండీ చెప్పడం? ఎక్కడ రాశారో అక్కడ రాయండి.”

ఒంటిగది ఇల్లు. బొమ్మ మళ్ళీ మంచం మీద గోడకే ఉంది. టీ పెట్టడానికి ఆవిడ పక్కకి వెళ్ళినప్పుడు, చెప్పులు విడిచి నీలా నిలబడి చూశాను. కుడికాలి మీద బరువు, ఎడమపాదం అంచు మీద. పది నిమిషాలు నిలబడలేకపోయాను. నువ్వు పందొమ్మిది రోజులు నిలబడి, కిందికి దిగి, రోజంతా మిషన్ తొక్కావు.

బస్సు నడిపే మనిషి నిన్ను ఒక్క చూపులో గుర్తుపట్టింది, అక్కయ్యా. నేను పాదాలు చూసి బతికినదాన్ని. ప్రదర్శనలైపోయాక నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఎన్నేళ్ళు నూనె రాశావు. అప్పుడు కూడా నా పాదాలే చూసుకున్నాను.

రాశాను. మ్యూజియానికి, పేపరుకి, ఎక్కడెక్కడ చెప్పానో అక్కడికల్లా. బొమ్మ అసలుదని, తప్పు నాదని, ఎందువల్ల తప్పో కూడా. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. ఇకమీదట నా సలహా అవసరం ఉండదట. పాత కొనుగోలుదారులు ఇద్దరు, నేను తేల్చిన బొమ్మల్ని ఇంకొకరికి చూపించుకుంటామన్నారు. నా భాగస్వామి ఫోన్ ఎత్తడం లేదు. భయపడ్డంత భయం వేయలేదు. సంచి దించినట్టుంది, అంతే. ఇంకా చేతులు లాగుతున్నాయి.

మ్యూజియం వాళ్ళు బొమ్మ తీసుకుంటున్నారు. డిపోలో మిఠాయి పంచారట. పావడా ఇంకా ఉందా? సాక్ష్యంగా పక్కన పెడతామంటున్నారు. బొమ్మ కింద చీటీ మీద నా పేరు పక్కన నీ గురించి ఏం రాయాలని అడుగుతున్నారు. నేను చెప్పలేదు. ఇంక నీ కాళ్ళ గురించి నేను చెప్పను.

ఆపరేషన్ జూన్ 20. డాక్టరు చెప్పిన తేదీ.

నీ
బొంగరం


జూన్ 12

బొంగరానికి,

అక్కయ్య దీవెనలు. నీ ఉత్తరం ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. తమ్ముడు పేపర్లో నువ్వు రాసింది రెండుసార్లు చదివాడు. ఈసారి అర్థం చెప్పలేదు.

పేరు పోయిందని రాయలేదు గాని పోయిందని తెలుసు. మూడు ప్రశ్నలు అడిగిన రోజే నిజం రాసి ఉంటే నీకు అది తప్పేది. ఇది నేను రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాను. నీకు కూడా ఒకసారి చెప్పాలి కదా.

చీటీ మీద ‘పావడా కుట్టినామె’ అని రాయమను. పేరు వద్దు.

ఆపరేషన్ అయ్యాక ఇక్కడికి వచ్చెయ్యి. మెట్లు ఎక్కనక్కర్లేదు, కింది గదిలో మంచం వేశాను. మిషన్ చప్పుడు ఉంటుంది. నీ కాలు నీవైపు, నా కాలు నావైపు చాపుకుని కూర్చుందాం. కుట్టిన యూనిఫారాలకి కాజాలు, బొత్తాలు నువ్వు చూడు. కన్ను ఉందిగా.

పావడా పెట్టెలోనే ఉంది. రంగు కొంచెం పోయింది. నిన్న ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలిస్తే, ఎడమవైపు వేలెడు ఎత్తు. నలుగురూ చూసే చోట పెడతారు కదా, వంకర కుట్టు నా చేతి మీద ఉండిపోతుంది కదా అనిపించింది. కత్తెర తీసుకున్నాను. దారం కిందికి మొన కూడా పోనిచ్చాను.

ఎందుకో ఆగి, పావడా నేనే కట్టుకుని మేడెక్కాను. బొందు కాబట్టి సరిపోయింది. కిటికీ దగ్గర నిలబడి తమ్ముణ్ణి పిలిచి, అంచు ఎలా ఉందో చూడమన్నాను. వాడు పేపరు చంకలో పెట్టుకుని వచ్చి, నేలదాకా వంగి, అటూ ఇటూ తల తిప్పి చూసి, “తిన్నగానే ఉంది కదే అక్కయ్యా” అన్నాడు.

కత్తెర లోపల పెట్టేశాను. పావడా రేపు పంపుతున్నాను.

అక్కయ్య